కుడి పక్కన తట్టాలి

గ్లాస్గోలో మా ఇంటి మెట్లు యాభై ఎనిమిది.
నేను మర్చిపోయినా నడుము లెక్క తప్పదు.
నలభై ఒక్క కిలోల స్పీకరు పెట్టె,
అది కాక, కుంపటిలా కాగే వాల్వుల యాంప్.
పదహారేళ్లుగా ఎక్కిస్తున్నాను, దించుతున్నాను.
రెండో మలుపులో ఆగి ఊపిరి తీసుకుంటుంటే
కింది ఇంటి పిల్లి వచ్చి
దాని నల్లగుడ్డ మీద గోళ్లు పదును పెట్టుకునేది.

మోసేవాడికే తెలుస్తుంది కావడి బరువు.
గిటారు వాయించే ఫెర్గస్
చంకలో చిన్న డబ్బాతో ఈల వేసుకుంటూ దిగిపోతాడు.
"సెంగా, ఆ శవపేటికని వదిలెయ్" అంటాడు.
చేయి మాత్రం వెయ్యడు.

పొద్దున ఉత్తరాల సంచీ, రాత్రి ఈ పెట్టె.
పోయిన నవంబరులో నడుము సమ్మె కట్టింది.
డాక్టరు అడిగింది: ఏం మోస్తుంటారు?
మంద్రస్థాయి, అన్నాను.
ఆమె నవ్వలేదు. రాసుకుంది.

శనివారం ముంగో దుకాణానికి పోయాను.
అయిదొందల వాట్లట, రెండు కిలోలట,
మధ్యాహ్నం రొట్టె పెట్టుకునే డబ్బా అంత ఉంది.
పిట్ట కొంచెం కూత ఘనం అనే మాట నమ్మి
ఇదివరకే చాలా పిట్టల దగ్గర మోసపోయాను.
స్టూలు మీద ఒక్కదాన్నే కూర్చుని మీటితే
వెన్నలా ఉంది.
కింద ఉరుము, పైన తళుకు,
నడుమ ఏమీ లేదు.
ముంగో నా ముఖం చూసి
మధ్య మీటని ఇంకాస్త తిప్పాడు.
జలుబు చేసినవాడు ముక్కుతో మాట్లాడినట్టయింది.
"ఛీ" అన్నాను.
"ఇక్కడ ఛీ. డ్రమ్ముల పక్కన పెట్టి చూడు.
నచ్చకపోతే గురువారంలోగా తెచ్చెయ్."

రైలు వంతెన కింద మా రిహార్సల్ గది.
పైన బండి పోతే తాళంలో సగం దానితో పోతుంది.
ఐలీ డ్రమ్ములు కొడితే
పాతబాకీ వసూలు చేస్తున్నట్టుంటుంది.
నాకంత నచ్చిన వెన్న
మొదటి పాటలోనే కరిగిపోయింది.
వేళ్లు కదులుతున్నాయి, నేను లేను.
రెండో పాటకి, ఎవరూ చూడకుండా,
ఆ ముక్కు గొంతుని పైకి తిప్పాను.
ఐలీ కర్రలు ఆపకుండానే తలెత్తి
నా వైపు చూసింది.
ఆరేళ్లలో మొదటిసారి.

ఒంటరిగా అందంగా ఉన్నది గుంపులో వినపడదని
నాకెవరూ చెప్పలేదు.
చెప్పే ఉంటారు.
ఫెర్గస్ వాయిస్తూ ఉండి ఉంటాడు.

పన్నెండంగుళాల పెట్టె ఒకటి కూడా కొన్నాను,
ఒక్క చేత్తో ఎత్తగలిగేది.
పబ్బుల్లో అది నా కాళ్లకి వినపడితే చాలు,
జనానికి మిక్సరు ఉంది, వైరు ఉంది.
రెండోది కూడా కలిపితేనే
డబ్బా పూర్తి బలం చూపిస్తుందన్నాడు ముంగో.
అవన్నీ ఓముల లెక్కలు,
కరెంటు బిల్లు కట్టాక చూద్దామన్నాను.
తీగలు మాత్రం మార్చలేదు.
తొమ్మిదేళ్ల చేతి జిడ్డు, అదే నా గొంతు.

మొదటి గిగ్గుకి బయల్దేరిన రాత్రి
భుజాన గిటారు, వీపున సంచీలో యాంప్,
కుడి చేత్తో పెట్టె.
ఎడమ చెయ్యి ఖాళీ.
ఏం చెయ్యాలో తెలియక జేబులో పెట్టి, తీసి,
కమ్మీ పట్టుకుని దిగాను.
ఆ కమ్మీ ఇత్తడిదని అప్పుడే తెలిసింది.

పాతవి అమ్మకానికి పెడితే
పేస్లీ నుంచి లాక్లన్ అనే కుర్రాడు వచ్చాడు,
పందొమ్మిదేళ్లు, తడిసిన నోట్లు.
మెట్లు చూసి భయపడలేదు.
ముందు యాంప్ దించి వచ్చి
పెట్టెని ఒక్కడే వాటేసుకుని ఎత్తాడు.
నేను పైనే నిలబడి అడుగులు లెక్కపెట్టాను.
రెండో మలుపులో ఆగలేదు.
పిల్లి పక్కకి తప్పుకుంది.

వాడు వ్యాను తలుపు మూస్తుంటే గుర్తొచ్చింది.
కిటికీ ఎత్తి వానలోకి అరిచాను:
"రొద పెడితే యాంప్‌కి కుడి పక్కన తట్టాలి!
అరచేత్తో! గట్టిగా కాదు!"

చెయ్యి ఊపాడు.
ఇంజను అప్పటికే మొదలైంది.